నోరు విప్పని ఎక్కాల ప్రోగ్రాం

నిన్న మా హెచ్చెం గారి ముందు నా పరువు ఎలా గంగలో కలవబోయిందో వినండి!

మా స్కూల్లో కంప్యూటర్ సారు మానేశారు. ఆ క్లాసు నాకిమ్మని నేనే ఎగబడి అడిగాను. లెక్కల టీచర్ని కదా, ఆశ! "సొంతంగా ఒక్క ప్రోగ్రాం రాసి చూపించండి టీచరుగారూ, మీకే ఇచ్చేద్దాం" అన్నారావిడ మెత్తగా. లేకపోతే ఏలూరు నుంచి ఎవరినో తెస్తారట.

మా అమ్మాయి సుష్మ వట్లూరులో ఇంజనీరింగు చదువుతోంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని సి లాంగ్వేజి మొదలుపెట్టాను. అబ్బ, ఏం లాంగ్వేజండీ! ఒక్క సెమికోలన్ మర్చిపోయినా ఒప్పుకోదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నేనూ అంతే. తెగ నచ్చేసింది! ఏ నంబరిస్తే ఆ ఎక్కం చెప్పే ప్రోగ్రాం రాశాను. నేను రన్ చేయగానే సుష్మ ఏదో నొక్కింది, ఎక్కం గడగడా వచ్చేసింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టానంటే నమ్మండి.

నిన్న స్కూల్లో హెచ్చెం గారిని కూర్చోబెట్టి, దర్జాగా రన్ కొట్టాను. నల్లటి స్క్రీను. మూల ఒక చిన్న గీత మిణుకు మిణుకుమంటోంది. అంతే!

"ఆలోచించుకుంటోందేమోలెండి, కంగారు పెట్టకండి" అన్నారావిడ. టీ తెప్పించారు. తాగేశాం కూడా. గీత మిణుకుమంటూనే ఉంది. మూసేసి మళ్ళీ రన్ చేశాను. అదే వరస! "ఓసి మొద్దూ, ఎక్కం చెప్పవే!" అని అరిచాను. ఆవిడ వాచీ చూసుకున్నారు. క్లాసు చేజారిపోతోంది, నాకు ఏడుపొక్కటే తక్కువ.

సుష్మకి ఫోన్ చేశాను.

"ఏ నంబరిచ్చావమ్మా?" అంది.

"నేనివ్వడమేంటే? కావాలంటే అదే అడుగుతుందిగా!"

"అడగమని నువ్వు రాయలేదుగా! నువ్విచ్చేదాకా అలా చూస్తూనే ఉంటుంది. ఇంట్లో నేను నొక్కింది నంబరేనమ్మా, తల్లీ!"

ఏడు నొక్కి ఎంటర్ కొట్టాను. ఏడో ఎక్కం జలజలా దిగిపోయింది! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయండీ. "భలే ఉందండీ! సోమవారం నుంచి క్లాసు మీదే" అన్నారు హెచ్చెం గారు.

అన్నీ బాగానే ఉన్నాయిగానీ, ఇన్నేళ్ళ సర్వీసులో నేను చెప్పేదాకా కిక్కురుమనకుండా నాకేసే చూస్తూ కూర్చున్న స్టూడెంటు ఇదొక్కటే దొరికింది. దాన్నేమో హెచ్చెం గారి ముందే కూకలేశాను!