ముందు ఫిర్యాదు, తర్వాత సూది

2022 వానాకాలం. నర్సీపట్నంలో ఒక పిల్లల క్లినిక్‌లో నేను నర్సుని. ఆ ఊళ్లో అన్నం తినని పిల్లలందరినీ నన్ను చూపించే బెదిరించేవారు. "అదిగో సిస్టరొచ్చింది, సూది పొడిసేస్తాది!" అని బజారులో నా ముఖం మీదే అన్నవాళ్లున్నారు. ఎవరెవరో ఇప్పటికీ గుర్తే. ఇది చాలదన్నట్టు మా డాక్టరు గారు, "మీరు కాస్త నవ్వుతూ ఉంటే పిల్లలు ఏడవరండీ" అన్నారు. అదీ గుర్తే.

ఒకరోజు బలిఘట్టం నుంచి ఒక నానమ్మ ఆరేళ్ల మనవరాలు రమ్యని ఆటోలో తెచ్చింది. పిల్లని కుక్క కరిచింది. ఏఆర్‌వీ, అంటే రేబిస్ రాకుండా వేసే టీకా, విడతలుగా వేయాలి. మొదటిది పడింది. రెండోది ఆ రోజే పడాలి. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుంది. రమ్య మాత్రం లోపలికి రాగానే బల్ల కిందికి దూరి, బల్ల కాలు కావలించుకుంది.

"సూదుండదే గుంటా! డాక్టరు బాబు ఊరికే సూసి ఒగ్గేస్తాడు," అంది నానమ్మ.

"మొన్నా అలాగే సెప్పినావు!" అని బల్ల కింద నుంచి అరుపు.

నాకు ఒళ్లు మండింది. ఒకసారి మోసపోయిన మనిషిని మళ్లీ అదే మాటతో మోసం చేయడమా? నానమ్మని బయట కూర్చోబెట్టి, నేను బల్ల పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"సూది ఉందమ్మా. నొప్పెడతాది కూడా. నీకు అబద్ధం సెప్పడం తప్పే. ఇంకేటి సేసింది మీ నానమ్మ?"

బల్ల కాలు వెనక నుంచి ముఖం కాస్త బయటపెట్టింది. తర్వాత, "నా గుడ్డు తమ్ముడికెట్టీసింది."

"మొత్తమా?"

"పచ్చసొన కూడా ఒగ్గనేదు!" అంటూ బయటికి పాకింది. "నిన్నెవరేనా ఏటైనా అన్నారేటి?"

నవ్వు గురించి డాక్టరు గారన్నది చెప్పాను.

"ఆయనకేటి తెల్సు!" అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి.

భుజం దూదితో తుడిచి, "ఇప్పుడు ఏస్తాను. ఏడిస్తే ఏడువు, సెయ్యి మాత్రం కదపకు" అన్నాను.

"ఆగు! సెప్పులు కొంతానని కొననేదు, అదింకా సెప్పనేదు."

ఆగాను. తలుపు సందులోంచి నానమ్మ, "బేగి పొడిసెయ్యండమ్మా, ఆటో ఎల్లిపోతాది! దాని మాటలేటి ఇంతారు!" అంటూనే ఉంది. రమ్య చెప్పుల సంగతి పూర్తిగా చెప్పి, తనే భుజం నా వైపు తిప్పింది.

"ఊఁ. ఏసెయ్."

ఒక్క కేక పెట్టింది. చెయ్యి కదపలేదు. తర్వాతి విడతకి తనే ముందు ఆటో దిగి, నానమ్మని గుమ్మం దగ్గరే ఆపేసింది.

"నువ్విక్కడే కూకో. సిస్టర్‌తో నాకు పనుంది."

అప్పటి నుంచి నా గదిలో సూది లేదని ఏ పిల్లకీ చెప్పను, ఎవరినీ చెప్పనివ్వను. చెప్పిన పెద్దల్ని బయటికి పంపిస్తాను. దీని మీద డాక్టరు గారికి నానమ్మలు ఫిర్యాదులు చేస్తున్నారు. చెయ్యనీ. పిల్లలు వాళ్ల మీద నాకు చెప్పినవి అంతకన్నా గట్టివి.