ఎండకు ఆగని అయస్కాంతం

మా ఊరి సైంటిస్టు నిండు సభలో నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా నవ్వాడు. ఆయన నవ్వాడని గద్వాలంతా నవ్వింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నడివేసవిలో ఆయనకు సన్మానం చేశారు. దేన్నైనా చేతి వెనకభాగం ఆనించి వేడి చూడటం ఆయన అలవాటు. కప్పిన శాలువాను కూడా అలాగే చూసుకున్నాడు, తీయలేదు. చెమటలు కారుతుండగా తన పరిశోధన చెప్పాడు. కంప్యూటర్ చిప్పులు చేసే సెమీకండక్టర్‌లో మాంగనీసు కలిపి ఆయనా తోటివాళ్లూ అయస్కాంతం చేశారట. అది మంచుకన్నా ఎంతో చల్లగా ఉంచితేనే పనిచేస్తుందట. బడికి పోకుండా లైబ్రరీలో చదువుకున్నవాణ్ణి, లేచి అడిగాను.

"మరి మన ఎండకు ఆగుతదా సారూ?"

"సన్మానంల ప్రశ్నలేంది తాతా, కూసో!" అని అధ్యక్షుడు మైకులోనే కసిరాడు.

కొన్నేళ్లకు ఆయన అయిజ ఊరికి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నాడు. ముందుసీటు కమ్మీకి చెయ్యి ఆనించి చూశాడు.

"గానాడు నవ్వి తప్పించుకున్నవు సారూ. ఇప్పుడన్న చెప్పు, ఆగుతదా?"

ఈసారి నవ్వలేదు.

"ఆగుతలేదు పెద్దనాయనా. నా కొలువంత గా ప్రశ్నతోనే గడిచిపాయె. శాలువ కప్పినోళ్ల ముందట గిది ఎట్ల చెప్పాలె?"