రాయబారికి మొదటి విస్తరి

ఖారున్ నది నీళ్ళు దోసిట పట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నేను కోతలరాయుణ్ణని రాయపూర్ రైల్వే కాలనీలో పేరుంది. కోతలు కోసేవాడు దయ్యాల్ని నమ్మడు; వాటిని పుట్టించేది తనే కదా. నేనూ ఏనాడూ నమ్మలేదు.

మా ఆవిడ తమ్ముడు చిన్నారావు మా క్వార్టర్‌లోనే పెరిగాడు. తల్లి లేని పిల్లాణ్ణి ఆవిడే పెంచింది. స్వరాజ్యం వచ్చాక వాడు ఒక మంచుదేశానికి మన రాయబారిగా వెళ్ళాడు. విందుల్లో ఎవరి పక్కన ఎవరి కుర్చీ వెయ్యాలో, ఎవరికి ముందు వడ్డించాలో చూడటమే సగం ఉద్యోగమనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. "కుర్చీలు సర్దేసరికే వయసైపోయింది బావా" అనేవాడు.

సెలవుకొచ్చినప్పుడు వాణ్ణి చూపించుకుందామని మా పై అధికారిని భోజనానికి పిలిచాను. మాకున్న పీటలు రెండు. వాటి మీద ఆయన్నీ నన్నూ కూర్చోబెట్టి మా ఆవిడ తమ్ముడితో అంది:

"నువ్వింటోడివి కదరా చిన్నా. బడా సాబ్ తిన్నాక కూకుందువు గానిలే."

వాడు నవ్వుతూనే చెప్పులేసుకున్నాడు. "రాయబారి విందులోంచి లేచిపోతే తగువు మొదలైనట్టే, అప్పా."

అటునుంచటే బండెక్కాడు. తరవాత వచ్చిన ఉత్తరాల్లో క్షేమం తప్ప మరో మాట లేదు. ఏడాది తిరక్కుండా అక్కడే పోయాడని తంతి వచ్చింది. దహనమూ అక్కడే.

పదో రోజున ఖారున్ ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో మా పెద్దాడి చేత విస్తట్లో పిండం పెట్టించాం. మా ఆవిడకి తెలియాల్సింది ఒక్కటే, తమ్ముడి కోపం పోయిందా లేదా అని. కాకి ముడితే పోయినట్టు. చూస్తుంటే రాదని పంతులుగారు అందర్నీ వీపు తిప్పి కూర్చోమన్నారు. నేనొక్కణ్ణే ఓరకంట చూస్తున్నాను.

రాలేదు. ఎండ నెత్తికెక్కింది.

"ఈపాలి ముందు నీకేరా చిన్నా. బడా సాబ్ నేడు, ఎవుడూ నేడు. తినరా," అని మా ఆవిడ నేలకేసి బతిమాలుతోంది.

ఇక నేను లేచి, కండువా సర్దుకుని, కోర్టు బంట్రోతులా కేకేశాను. "మహారాజశ్రీ భారత రాయబారిగారు విందుకు దయచేయవలెను."

కాకి దిగింది. పిండం ముట్టింది. "వచ్చాడే," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "అప్ప పిలిస్తే రానేదు," అంది. "నౌకరీ పేరెట్టి పిలిస్తే వచ్చినాడు."

ఇక ఒప్పుకోవాలి. ఇందులో ఆ కాకి ఒక్కటే నా కల్పన. పిండం కొస గిల్లి నీళ్ళలో పడేసింది నేనే. పక్క మెట్ల మీద ఎవరిదో పిండం కోసం కాకులు కొట్టుకుంటూనే ఉన్నాయి. అందులో మావైపు ఎగిరొచ్చినవి, మా విస్తరి ముందు అప్పటికే ఎవరో కూర్చున్నట్టు, చుట్టుతిరిగి పోయాయి. అది కల్పన కాదు. ఎందుకలా పోయాయో నాకిప్పటికీ తెలీదు.

ఏటా తద్దినం నాడు మా ఆవిడ మొదటి విస్తరి వాడికే వేస్తుంది. చిన్నా అని మాత్రం పిలవదు. "రాయబారిగారూ, దయసెయ్యండి," అని, పరాయివాళ్ళకి తప్పుకున్నట్టు పక్కకి తప్పుకుంటుంది.