ఖాళీ కిలోమీటర్లు లేని ప్రయాణం

జీతాల రిజిస్టరులో తప్ప ఆవిడ అసలు పేరు డిపోలో ఎక్కడా వినిపించేది కాదు. డ్రైవర్లకూ కండక్టర్లకూ ఆవిడ టైమక్క. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సుల డిపో వెనక గదిలో కూర్చుని, ఏ బండి ఎన్నింటికి కదలాలో, ఏ డ్రైవరు ఎక్కడ దిగి అన్నం తినాలో గళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసింది. ఆవిడకు బొత్తిగా గిట్టనిది ఒకటుంది: ఖాళీ కిలోమీటర్లు. అంటే ఎక్కేవాళ్ళు లేకుండా బండి ఊరికే వెనక్కి తిరిగి రావడం. అలాంటి ట్రిప్పు చార్టులో కనిపిస్తే, అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టేది.

ఆవిడ రిటైరైన ఏడాదికి ఇంట్లో యూరప్ మాట పుట్టింది. కింది వాటాలో టైమక్క, ఆవిడ భర్త; పై వాటాలో బావగారు, తోటికోడలు. ఒకరోజు అందరూ కలిసి భోజనం చేస్తుండగా ఎవరికి ఏది చూడాలని ఉందో బయటపడింది. డ్రాయింగ్ టీచరైన తోటికోడలికి ప్యారిస్‌లో బొమ్మల మ్యూజియం. ఇళ్ళు కట్టే మేస్త్రి అయిన బావగారికి రోములో రెండు వేల ఏళ్ళ నాటి గుమ్మటం. "ఇనుప చువ్వ ఒక్కటి లేదురా అందులో! నా చేత్తో ముట్టుకుని చూడాలి" అన్నాడు తమ్ముడితో. ఆ తమ్ముడు, అంటే టైమక్క భర్త, గడియారాలు బాగుచేస్తాడు. ఆయన్ని అడగనక్కర్లేదు. ప్రాగ్ నగరంలోని ఆరు వందల ఏళ్ళ గడియారం ఫొటో ఆయన పని బల్ల పైన ఇరవై ఏళ్ళుగా రంగు వెలుస్తూ వేలాడుతోంది.

నలుగురూ కలిసి టూర్ల ఆఫీసుకి వెళ్ళారు. ఏజెంటు చల్లటి గదిలో కూర్చోబెట్టి మర్యాద చేశాడు.

"ప్యారిస్‌లో దిగుతారు. అక్కణ్ణుంచి ప్రాగ్, రోమ్ చూసుకుని, మళ్ళీ ప్యారిస్ వచ్చి ఇంటికి ఫ్లైట్ ఎక్కుతారు" అన్నాడు.

"మళ్ళీ ప్యారిస్ ఎందుకండీ?" అంది టైమక్క.

"రానూపోనూ టికెట్ కదమ్మా. దిగిన చోటే ఎక్కాలి."

"ఎవరు పెట్టిన రూలది?"

ఏజెంటు నవ్వేసి, తలకి ఎంతవుతుందో చీటీ మీద రాసి బావగారి ముందుకు తోశాడు. బావగారు దాన్ని చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క ఊరు చూసొద్దాంలే. మూడెందుకు మనకి?" అన్నాడు బావగారు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ.

"ప్రాగ్ తీసెయ్ అన్నయ్యా" అన్నాడు భర్త వెంటనే. "గడియారం ఎక్కడైనా గడియారమే."

ఆ మాట టైమక్కకు ముల్లులా గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళ ముచ్చటను ఆ మనిషి ఎంత తేలిగ్గా పక్కకు నెట్టేశాడో చూసి ఆవిడకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"ఏదీ తియ్యక్కర్లేదు. నాకు వారం రోజులు టైమివ్వండి" అంది.

"నువ్వేం చేస్తావమ్మాయ్? అవి బస్సులు కాదు, విమానాలు" అన్నాడు బావగారు.

"ఎగిరినా దొర్లినా టైముకి కదలాల్సిందే కదా బావగారూ."

మర్నాడు పొద్దున్నే భోజనాల బల్ల ఖాళీ చేసి, గళ్ళ కాగితం పరిచి, పక్కన కంప్యూటర్ పెట్టుకుంది. మొదటి రెండు రోజులూ తల గోడకేసి కొట్టుకున్నట్టే అయింది. పోవడానికో టికెట్టు, రావడానికో టికెట్టు విడివిడిగా వెతికితే ఏజెంటు చెప్పినదానికంటే ఎక్కువైంది. మూడో రోజు, టికెట్లు వెతికే పేజీలో 'రానూపోనూ' పక్కనే చిన్న అక్షరాలతో 'మల్టీ సిటీ' అని ఉండటం కంటపడింది. అక్కడ ప్యారిస్‌లో దిగడం, రోములో ఎక్కడం ఒకే టికెట్టుగా కొట్టి చూసింది. ధర రానూపోనూ టికెట్టుకి అటూ ఇటుగానే ఉంది. రోము నుంచి ప్యారిస్‌కు వెనక్కి తిరిగే ఖర్చు మొత్తం ఎగిరిపోయింది.

"ఖాళీ కిలోమీటర్లు పోయాయి!" అని ఒక్క కేక పెట్టింది. భర్త చేతిలో స్క్రూడ్రైవరుతో పరిగెత్తుకొచ్చాడు.

తర్వాత రోజుల పని పట్టింది. తోటికోడలి స్కూలు సెలవులు శనివారం మొదలవుతాయి. "శనివారం బయల్దేరితే ఊరంతా మనతోనే బయల్దేరుతుంది అక్కా. హెడ్‌మిస్ట్రెస్‌ని మూడు రోజులు ముందు సెలవడుగు" అంది టైమక్క. ఆవిడ అడిగింది, దొరికింది. బుధవారానికి టికెట్టు ధర బాగా దిగింది.

ఆ మూడు ఊళ్ళ మధ్య తిరగడానికి చిన్న విమానాలు చవగ్గా కనబడ్డాయి గానీ, టైమక్క వాటిని అంత తొందరగా నమ్మలేదు. ఒకటి ఎక్కాలంటే ప్యారిస్ నుంచి ఎనభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. ఆ బస్సు ఖర్చూ, పోయే పూటా కలిపితే చవక కాస్తా కరిగిపోయింది. ఇంకోదానిలో టికెట్టు కంటే పెట్టెకి ఎక్కువ. దాంతో టేపు తీసుకుని ఇంట్లో ఉన్న సంచులన్నీ కొలిచి, పెద్ద పెట్టెలు అటకెక్కించింది. ఒక్కొక్కరికి ఒక్క చేతిసంచే అని తేల్చేసింది.

"నా బూట్లో?" అన్నాడు బావగారు.

"కాళ్ళకుంటాయి కదండీ."

ఈలోగా బావగారికీ హుషారొచ్చింది. తనూ వెతికి ఒకటి పట్టుకొచ్చాడు. "ఆఖరి రోజు పొద్దున ప్రాగ్‌లో ఎక్కి, మధ్యాహ్నానికి రోములో దిగి, గుమ్మటం చూసేసి, సాయంత్రం ఇంటికి ఎక్కేద్దాం. రెండు రోజుల గది అద్దె మిగులుతుంది."

టైమక్క తల అడ్డంగా ఊపింది. "ఆ రెండూ వేరువేరు టికెట్లు బావగారూ. మొదటిది ఆలస్యమైతే రెండోవాడికి మనం ఎవరమో కూడా తెలీదు. ఆఖరి బండికి ముందు ఊపిరాడే జాగా ఉండాలి. నేను ఎన్నో చోట్ల తగ్గిస్తాను గానీ, అక్కడ తగ్గించను."

బావగారు గొణుగుతూనే ఒప్పుకున్నాడు. లెక్క చూస్తే, ఏజెంటు చీటీలో ఉన్నదానిలో మూడో వంతు తగ్గింది. ఊళ్ళు మూడూ ఉన్నాయి.

అలా నలుగురూ నాలుగు సంచులతో వెళ్ళారు. ప్యారిస్ మ్యూజియంలో తోటికోడలు ఒక బొమ్మ ముందు గంటసేపు కదల్లేదు. ప్రాగ్ నడిబొడ్డున, గంట కొట్టగానే కిటికీలు తెరుచుకుని బొమ్మలు వరసగా కదిలి వెళ్తుంటే, భర్త చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని చూశాడు. అయిపోయాక, "ఇంకో గంట ఉందామా?" అన్నాడు. ఉన్నారు. ఆపైన ఇంకో గంట కూడా.

ప్రాగ్ నుంచి రోముకు వెళ్ళాల్సిన రోజున గాలివాన పట్టుకుంది. పొద్దున పదింటి విమానం సాయంత్రం ఆరు దాటితేగానీ కదలదన్నారు. కౌంటరు దగ్గర ఒక జంట తల పట్టుకుని కూర్చుంది. వాళ్ళు అచ్చం బావగారు చెప్పినట్టే, రోములో అదే సాయంత్రం వేరే టికెట్టుతో ఇంటికి ఎక్కాలట. ఆ టికెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. బావగారు వాళ్ళను చూశాడు, మరదలిని చూశాడు, మళ్ళీ వాళ్ళను చూశాడు.

"అమ్మాయ్, మనకి?" అన్నాడు మెల్లగా.

"మనకేమీ కాదు. రాత్రి భోజనం రోములో చేస్తాం, అంతే."

మర్నాడు బావగారు ఆ పాత గుమ్మటం కింద నిలబడ్డాడు. పైన గుండ్రటి రంధ్రంలోంచి వెలుగు కుమ్మరించినట్టు పడుతోంది. నలభై ఏళ్ళు తాపీ పట్టిన అరచేతిని ఆ గోడకు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆయన కళ్ళు తడవడం ఇంట్లోవాళ్ళు చూడటం అదే మొదలు.

ఆ మరుసటి రోజు ఇంటికి బయల్దేరారు. రోము విమానాశ్రయంలో టైమక్క సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పక్క వరసలో ఎవరో తెలుగాయన బావగారిని పలకరించి, ఏ కంపెనీ టూరులో వచ్చారని అడిగాడు.

"కంపెనీయా? కంపెనీ లేదు, ఏజెంటూ లేడు" అన్నాడు బావగారు. ఆయన గొంతు అంత పెద్దగా వినిపించడం సిమెంటు లారీ వచ్చినప్పుడే. "మా మరదలు వేసింది మొత్తం. అదిగో, ఆవిడే. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులు నడిపించిన మనిషి. ఒక చోట దిగి ఇంకో చోట ఎక్కొచ్చని మీకు తెలుసా? తెలీదు కదూ! వినండి చెప్తాను..."

మొదలుపెట్టి, మల్టీ సిటీ, బుధవారం, చేతిసంచులు, గాలివాన, ఏదీ వదలకుండా చెబుతూనే పోయాడు. అక్కడక్కడా తప్పు చెబితే భర్త దిద్దుతున్నాడు. మధ్యలో తోటికోడలు కూడా గొంతు కలిపింది.

టైమక్కకు నిద్ర పట్టలేదు. అయినా కళ్ళు తెరవలేదు. తెరిస్తే బావగారు మొహమాటపడి ఎక్కడ ఆపేస్తాడోనని అలాగే కదలకుండా కూర్చుని, చివరిదాకా విన్నది.