ఆడిన బొమ్మ

తొంభైల చివర్లో నేను ధర్మవరం నుంచి పర్యాటకులను తోలుబొమ్మలాట వాళ్ల పల్లెకు తీసుకుపోయేవాణ్ణి. అక్కడొక అవ్వ ఇంట్లో ఆట ఆగి చాలా ఏళ్లయింది. తోలుతో లాంప్‌షేడ్లు చేసి అమ్మేవాళ్లు. తన తర్వాత పాడేవాళ్లు లేరని అవ్వకు దిగులు.

ఒకసారి బెంగళూరు దంపతులకు ఆమె పెట్టెలోని పాత అమ్మవారి బొమ్మ నచ్చింది.

"చినిగిన తోలే గదవ్వా, ఇచ్చెయ్" అన్నాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఏమప్పా, శనివారం భజనలో పురాణం చదివేది నువ్వేనా? ఆడిన బొమ్మను అమ్మకూడదు, ఏట్లో కలపాల. చిత్రావతికి నీళ్లొచ్చేదాకా ఈడనే ఉంటాది."

నాకు సిగ్గేసింది. రోజూ పటానికి మొక్కే నాకు ఆ తోలులో అమ్మ కనబడలేదు.

"మరి వీళ్లను వట్టి చేతులతో పంపాల్నా?"

"కూర్చోమను. ఆట చూస్తే కొత్త బొమ్మ చేసిస్తాం."

పొద్దుగూకగానే తెర కట్టారు. అవ్వ పాట ఎత్తుకుంటే, ఎప్పుడూ నోరు విప్పని కోడలు వెనక నుంచి వంత అందుకుంది. అవ్వ చేతిలో బొమ్మ ఆగిపోయింది.

"యాడ నేర్చుకుంటివే?"

"పొయ్యికాడ నువ్వు పాడుకుంటాంటే వినలేదా అత్తా? కానియ్యి, వాళ్లు చూస్తాండారు."

ఆ తర్వాత ఎవరిని తీసుకుపోయినా, ముందు తెర ఎదుటే కూర్చోబెట్టాను.