రెండు బస్సులు, ఒకే సుద్దగుర్తు

పోయినవాటిని ముందు చెబుతాను. ఇరవై ముగ్గురు ఆడవాళ్ల చేతుల్లోంచి, నూట యాభై రెండు రోజుల్లో, గంపకు పదమూడు పైసల చొప్పున, మూడువందల ఎనభై నాలుగు రూపాయల ఎనభై పైసలు. ఆలస్యంగా చేరి అమ్ముడుపోక పారబోసిన రొయ్యలు రెండు గంపలు. మా ఇంట్లో అమ్ముకున్న ఇత్తడి బిందె ఒకటి. మా అక్క నలభై ఒక్క రోజులు నడిచిన నడక, ఆ నడకలో ఆమె కుడి మోకాలు. మోకాలికి ధర కట్టడం నాకు తెలియదు కాబట్టి దాన్ని మొత్తంలో కలపలేదు.

ఇది అరవైల మొదట్లో సంగతి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఇప్పుడు నలభై ఏడు. మాది ఇందుకూరుపేటకు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. మగవాళ్లు పట్టిన చేపల్ని ఆడవాళ్లు గంపల్లో వేసుకుని పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు మార్కెట్టులో అమ్మేవారు. నేను గంప మోసేదాన్ని కాదు. వాళ్లతో వెళ్లి చిల్లర లెక్క చూసేదాన్ని. అణాలు పోయి నయాపైసలు వచ్చి కొన్నేళ్లయినా మా వాళ్లు ఇంకా అణాల్లోనే బేరమాడేవారు. అణాలను పైసల్లోకి తిప్పడం నా పని. అందుకు కూలిగా అందరూ కలిసి నా టిక్కెట్టు పెట్టుకునేవారు. నేను బడికి పోలేదు. అంకెలు టిక్కెట్ల మీద చూసి, అక్షరాలు బస్సు పక్కన రాసిన ఊళ్ల పేర్లు చూసి నేర్చుకున్నాను. అందుకే చాలాకాలం నాకు ఊళ్ల పేర్లలో లేని అక్షరాలు రాయడం వచ్చేది కాదు.

మా దారిలో రెండు బస్సులు తిరిగేవి, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. ఓనర్లు వేరు. ఇద్దరికీ పడేది కాదు. పచ్చ బస్సు అయిదింటికి వస్తే ఎర్ర బస్సు మర్నాడు పావుతక్కువ అయిదింటికి వచ్చేది. గంప టాపు మీద వేసినందుకు పన్నెండు పైసలు తీసుకునేవారు. గంపకు టిక్కెట్టు ఉండదు. డబ్బు ముట్టినట్టు కండక్టరు గంప మీద సుద్దతో గుర్తు పెట్టేవాడు. పచ్చ బస్సుది సున్నా, ఎర్ర బస్సుది ఇంటూ. నెల్లూరులో గుర్తు చూసి గంప దించేవారు.

ఒకనాడు పచ్చ బస్సు కండక్టరు గంపకు పావలా అన్నాడు.

"పావలానా? గంపకా, గంపతో పాటు నాకు కూడానా?" అన్నది మాలో పెద్దామె.

"గంపకే అవ్వా. నీకు వేరే టిక్కెట్టు ఉండాది గదా."

"అయితే ఎర్ర బస్సులో పోతాం పోరా."

ఎర్ర బస్సు వచ్చింది. దాని కండక్టరు కూడా పావలాయే అన్నాడు. రెండు బస్సులూ వంతులేసుకుని రోజుకు ఒక్కటే రావడం కూడా అప్పుడే మొదలైంది, అది కూడా ఆరింటికి. పోటీ పడి మమ్మల్ని చీకటితోనే లేపిన బస్సులకు ఇక తొందరపడాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఇలా పెరిగిన పదమూడు పైసలు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తగిలాయి. మా అక్కకు తగిలిన తీరు ఇది. బావ సముద్రంలో పోయాడు. ఆయన వల మిగిలింది. దాని మీద అప్పు కూడా మిగిలింది. ఆ వలను వేరేవాళ్లు వేసుకుంటే వచ్చే చేపల వాటాయే అక్క గంప. వల అప్పుకు రోజుకు యాభై పైసలు కట్టాలి. ఇంట్లో తిండి పోను అక్కకు రోజుకు అరవై రెండు పైసలు మిగిలేవి. పదమూడు తీసేస్తే నలభై తొమ్మిది. కట్టాల్సింది యాభై.

"ఒక పైస తక్కువైతే ఏం? ఇచ్చేస్తాంలే," అని అప్పిచ్చినవాడితో అన్నాను.

"ఆ ఒక్క పైసా నువ్వే ఇయ్యరాదామ్మా," అన్నాడు. నా దగ్గర లేదు.

అక్క నడవడం మొదలుపెట్టింది. తెల్లవారకముందే గంప నెత్తిన పెట్టుకుని ఇందుకూరుపేట దాకా నడిచి, అక్కడ కూరగాయల బండిలో ఒక అణాకు గంప వేసి, బండి వెనకే నెల్లూరు చేరేది. చేరేసరికి బేరాలు అయిపోయేవి. మిగిలినవాటిని అడిగినంతకు ఇచ్చేది. నడిచిన రోజుల్లో మిగులు నలభై తొమ్మిది కూడా లేదు. ఆ సంగతి కాగితం మీద వేసి చూపించాను.

"నీ కాగితం నడిచిందా, నేను నడిచినానా?" అన్నది. మరుసటి రోజు కూడా నడిచింది. నేను బస్సులో వెళ్తూ ఆమెను దాటేదాన్ని.

ఓనర్లిద్దరూ కూడబలుక్కున్నారని అందరూ అనుకునేవారు. అనుకోవడం వేరు, తెలియడం వేరు. ఒకరోజు ఎర్ర బస్సు కాలవ దగ్గర చెడిపోయింది. ఆరోజు వంతు లేని పచ్చ బస్సు నెల్లూరు వైపు నుంచి ఖాళీగా వస్తుంటే ఎర్ర బస్సు కండక్టరు ఆపి, మమ్మల్ని అందులోకి ఎక్కించి వెనక్కి తిప్పించాడు. పాతకాలమైతే పచ్చ బస్సు కండక్టరు ఇలాంటి అవకాశం కోసం ఏడాదంతా కాచుకుని ఉండి గంపకు మళ్లీ డబ్బు గుంజేవాడు. ఆరోజు గంపల్ని ఒక్కసారి చూసి టాపు మీదకి వేయించాడు.

"డబ్బు అడగవా అబ్బయ్యా?" అన్నాను.

"ఇచ్చేసినారు గదా. గుర్తు ఉండాది."

"అది వాళ్ల గుర్తు గదా."

"ఇప్పుడంతా ఒకటే గుర్తులేమ్మా," అని, అన్నాక నాలిక కరుచుకున్నాడు.

అప్పుడు చూశాను. సున్నా, అందులో ఇంటూ. రెండు బస్సులూ ఎన్నాళ్ల నుంచో అదే గుర్తు పెడుతున్నాయి. రోజూ చూస్తూనే ఉన్నాను, గంపల సంఖ్య రాసుకుంటూ గుర్తును పట్టించుకోలేదు. అది నా తప్పు.

నెల్లూరులో బస్సులకు పర్మిట్లు ఇచ్చే ఆఫీసరుకు అర్జీ రాశాను. కండక్టర్లను పిలిస్తే లాభం లేదని, ఓనర్లనే పిలిపించమని రాశాను. రోజువారీ గంపల లెక్క జతచేశాను. ఒక మంగళవారం రమ్మని, రుజువులు తెమ్మని జవాబు వచ్చింది. అప్పటికి వల అప్పులో అక్క నాలుగున్నర రూపాయలు వెనకబడింది. ఆ వారం శుక్రవారంలోగా కట్టకపోతే వల తీసుకుపోతానని అప్పిచ్చినవాడు చెప్పాడు. వల పోతే వాటా పోతుంది, వాటా పోతే గంప ఉండదు. ఆ తరువాత ఎండుచేపల పాకలో కూలికి పోవడమే.

రుజువంటే గంపల మీద గుర్తులు. మంగళవారం అందరూ బస్సులోనే రావాలనీ, అమ్మకం అయ్యాక గంపలతో నేరుగా ఆఫీసుకు రావాలనీ చెప్పాను. నేను ముందుగా వెళ్లి వరండాలో నిలబడ్డాను.

ఇరవై ముగ్గురూ వరసగా వచ్చారు. గంపల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"కడిగినారా?" అన్నాను.

"కడక్కుండా? దొరగారి ఆఫీసుకు నీచు కంపు కొట్టే గంపలతో వస్తారామ్మే? మనకు సిగ్గు లేదా?" అన్నది పెద్దామె. "పీచు పెట్టి తోమినాం. చూడు, ఎంత తెల్లంగా ఉండాయో."

నిజంగానే తెల్లగా ఉన్నాయి. రోజూ అమ్మకం అయ్యాక గంప కడగడం వాళ్లకు అలవాటు. కడగొద్దని విడిగా చెప్పాలని నాకు తోచలేదు.

లోపల ఓనర్లిద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. ఆఫీసరు గంపల్ని చూశాడు.

"గుర్తులు ఏవమ్మా?"

"కడిగేసినారు సార్."

పచ్చ బస్సు ఓనరు నవ్వాడు. "గంపకు పన్నెండు పైసలే సార్ మేము తీసుకునేది. వీళ్లకు అణాలకీ పైసలకీ తేడా తెలియక గొడవ చేస్తావుండారు."

ఆఫీసరు మా అక్కను పిలిచి ఎంత నష్టపోయావని అడిగాడు. "నేను నడిచినాను సామీ. నడిచిన దినాలకు నాకు వాళ్లు బాకీ లేరు," అన్నది అక్క. ఆ ముక్క చెప్పొద్దని పొద్దున బస్సులో దారి పొడుగునా చెప్పాను. ఆమె అబద్ధం ఆడలేదు, నా మాట కూడా వినలేదు.

ఆఫీసరు నేను ఆరోజు దాకా వేసి తెచ్చిన కాగితాలు తిప్పి చివరి పేజీ చదివాడు. "మొత్తం రెండువేల తొమ్మిదివందల అరవై గంపలు. ఎవరు వేసిన లెక్క ఇది?"

"నేనే సార్."

"తప్పు సార్!" అన్నాడు ఎర్ర బస్సు ఓనరు. "రెండువేల తొమ్మిదివందల పద్నాలుగే. ఒక్కటి కూడా ఎక్కువ లేదు."

"మీ బస్సులోనా?"

"రెండింట్లో కలిపి సార్."

ఆయన సంతోషంగానే చెప్పాడు. తన లెక్క సరైనదని తెలిసినవాడికి ఉండే సంతోషం అది. నాకూ అలవాటే. పచ్చ బస్సు ఓనరు ఆయన వైపు తిరిగి చూశాడు.

"ఆ బస్సు గంపల లెక్క మీకెట్లా తెలిసింది?" అన్నాడు ఆఫీసరు.

ఎర్ర బస్సు ఓనరు చెయ్యి ఒళ్లో ఉన్న సంచి మీదకి పోయింది. ఆఫీసరు చెయ్యి చాపాడు. ఆయన సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. అందులో తేదీల వారీగా రెండు బస్సుల గంపలు, గంప ఒక్కింటికి ఇరవై అయిదు పైసలు, చివర "చెరి సగం" అని ఉన్నాయి. దస్తూరి నాకంటే బాగుంది.

మరుసటి రోజు నుంచి గంపకు పన్నెండు పైసలే తీసుకోవాలని, ఎక్కువ తీసుకున్నది మూడు వాయిదాల్లో తిరిగి ఇవ్వాలని, లేకపోతే పర్మిట్ల సంగతి చూస్తానని ఆఫీసరు చెప్పాడు. బయటికి వచ్చాక ఎర్ర బస్సు ఓనరు నా దగ్గర ఆగాడు.

"నలభై ఆరు గంపలు తేడా వచ్చినాయి. నీ లెక్క గట్టిదేనా?"

"గట్టిదే."

వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ వారంలోనే రెండు బస్సులకూ కొత్త కండక్టర్లు వచ్చారు.

మొదటి వాయిదా నూట ఇరవై ఆరు రూపాయలు ఆ గురువారమే ఇచ్చారు. గంపల లెక్కన పంచాను. అక్క బస్సులో వేసిన గంపలు నూట పదకొండు. ఆమె వాటాకు నాలుగు రూపాయల డెబ్బై రెండు పైసలు వచ్చాయి. నాలుగున్నర తీసుకెళ్లి వల అప్పుకు కట్టింది. అప్పిచ్చినవాడు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. వల ఇంట్లోనే ఉంది. శనివారం అక్క బస్సెక్కింది, మెట్టు ఎక్కడానికి నా భుజం పట్టుకుంది.

రెండో వాయిదా మరో నూట ఇరవై ఆరు, రెండు నెలలకు వచ్చింది. మూడోది రాలేదు. ఆలోగా ఆఫీసరుకు బదిలీ అయింది. పచ్చ బస్సు ఓనరును అడిగితే మిగతాది ఎర్ర బస్సు ఓనరు ఇవ్వాలన్నాడు. ఎర్ర బస్సు ఓనరును అడిగితే పచ్చ బస్సు ఓనరు ఇవ్వాలన్నాడు. తీసుకునేటప్పుడు చెరి సగమని సులువుగా ఒప్పుకున్న ఇద్దరూ ఇచ్చేటప్పుడు ఎవరి సగం ఎంతో ఒప్పుకోలేకపోయారు. పైగా, పుస్తకంలో లేని నలభై ఆరు గంపలు తమవి కావని ఇద్దరూ అన్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం మళ్లీ ఏకమయ్యారు. నేను ఆ గంపల్ని తీసెయ్యలేదు. డబ్బు ఇచ్చింది మా వాళ్లు, ఎవరి జేబులోకి పోయిందన్నది వాళ్ల సంగతి.

ఇద్దరు ఓనర్లూ పోయారు. వాళ్ల కొడుకులు బస్సులు అమ్మేశారు. కొడుకులకూ ఉత్తరాలు రాశాను, ఏడాదికి ఒకటి, లెక్క జతచేసి. ఒక కొడుకు ఒకసారి జవాబు రాశాడు, వడ్డీ అడగనందుకు కృతజ్ఞతలని. వడ్డీ ఎందుకు అడగలేదంటే, ఎంత శాతమన్నది మొదట మాట్లాడుకోలేదు. మాట్లాడుకోనిది లెక్కలోకి రాదు. రావలసింది నూట ముప్పై రెండు రూపాయల ఎనభై పైసలు.