అత్తమ్మ దగ్గరుండి కట్టించిన కంప్యూటర్

పోయిన నెల మా అత్తమ్మ చనిపోయింది. పొద్దున్నే చాయ్ తీసుకెళ్లి లేపితే లేవలేదు. సిరిసిల్లలో మా వాడకట్టు వాడకట్టంతా కదిలి వచ్చింది. వచ్చినవాళ్లలో సగం మంది ఏడుపు మధ్యలో కూడా "కంప్యూటరవ్వ పోయిందా" అనే అన్నారు. ఆమె ఏనాడూ మౌస్ ముట్టుకోలేదు. అయినా ఆ పేరు ఎలా వచ్చిందో మీకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది నేతపని ఇల్లు. ముందుగదిలో రెండు సాంచాలు ఉంటాయి. పవర్‌లూమ్ మగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. మామయ్య ఉన్నన్నాళ్లు ఆయన సాంచాలు నడిపితే అత్తమ్మ నూలు కండెలు చుట్టేది. ఆయన పోయాక కూలిమనిషిని పెట్టి నడిపితే వచ్చే ఆదాయంతో ఇల్లు గడవదని, పెళ్లయిన ఏడాదికే మా ఆయన మస్కట్ వెళ్లాడు. ఆసిఫాబాద్ నుంచి కోడలిగా వచ్చిన నేనూ, అత్తమ్మా మిగిలాం. సాంచాల చప్పుడులో బతికినవాళ్లకు గట్టిగా మాట్లాడటం అలవాటు. అత్తమ్మ గుసగుసలాడినా నాలుగిళ్లకు వినిపించేది. తిట్టినా అంతే, మెచ్చుకున్నా అంతే.

మొదట్లో ఆయన రోజూ వీడియో కాల్ చేసేవాడు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. ఇంకేంది?"

"ఏం లేదు."

ఆ తర్వాత తెర మూలన ఎవరి ముఖం వాళ్లు చూసుకునేవాళ్లం. రెండో ఏడాదికి ఆ "ఏం లేదు" నిజమైపోయింది. ఒకసారి రెండు వారాలు అసలు ఫోనే లేదు. కోపాలు వచ్చి కాదు. కోపం రావడానికి కూడా మా మధ్య ఏమీ మిగల్లేదు. అదే నన్ను భయపెట్టింది. కొట్లాట అయితే ఎవరో ఒకరు తగ్గితే సరిపోతుంది. ఏమీ లేని చోట ఎవరు ఎక్కడ తగ్గుతారు?

అత్తమ్మ అన్నీ వింటూనే ఉంది. ఒకరోజు కండె చుడుతూ అడిగింది.

"తల్లిగారింట్ల మీ అన్నతోని కంప్యూటర్ల ఆటలాడేదాన్నని నవ్వుకుంట చెప్తివి గదా. మావోడు గూడ ఆడుతడా?"

ఆడతాడన్నాను. అక్కడ పనివాళ్ల క్యాంపు గదిలో ఆయనకో ల్యాప్‌టాప్ ఉంది, శుక్రవారం సెలవంతా దానికే.

"మరి నువ్వు గూడ ఒకటి తెచ్చుకో. మాట్లాడనీకి మాటలు దొరకనప్పుడు జర ఆడుకోండ్రి. పెండ్లైనంక ఆడుకోవద్దని ఎవడన్నడు?"

పాతదేదైనా ల్యాప్‌టాప్ చాలనుకున్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే బిగించుకుంటే మేలైనది వస్తుందన్నాడు. మరీ గొప్పదీ కాదు, మరీ నాసిదీ కాదు, మధ్యరకంది. వినడానికి ఎంత తేలికో! ఆయన గ్రాఫిక్స్ కార్డు దగ్గర పట్టుబట్టాడు. దానికే సింహభాగం పెట్టి ప్రాసెసర్ ఏదో ఒకటి వేద్దామంటాడు. ప్రాసెసర్ మంచిదుంటే కార్డు తర్వాతైనా మార్చుకోవచ్చని నేను. ర్యామ్ పదహారు జీబీ చాలా, ముప్పైరెండు కావాలా అని ఒక రోజు. ఏ మదర్‌బోర్డు అని ఇంకో రోజు. ఒకసారి మాట మధ్యలో అటు తిరిగి చూస్తే అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అప్పుడు తట్టింది, మేం గంట నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నామని.

చివరికి ఫోన్ తనే లాక్కుంది. "అరేయ్, గా కార్డు ఏం జేస్తది?"

"బొమ్మ గీస్తదవ్వా."

"మరి గా ఇంకోటి?"

"లెక్కలు జూసి దానికి పని చెప్తది."

"అంటె ఒకటి పడుగు, ఒకటి పేక. పడుగుకు పట్టు వెట్టి పేకకు పుచ్చిన నూలు వెడితె బట్టయితదారా? రెండు ఒక్క తీరువి సూడుండ్రి."

ఆమెకు తెలిసింది అంతవరకే. ఆ పోలికలో తప్పులు పట్టాలంటే బోలెడు పట్టొచ్చు. కానీ ఇద్దరికీ తగ్గడానికో సాకు కావాలి, అది దొరికింది. ఆరు కోర్ల ప్రాసెసర్, దానికి తగ్గ కార్డు, పదహారు జీబీ ర్యామ్ అని తేల్చుకున్నాం. పవర్ సప్లై మాత్రం ఒక మెట్టు పైది. మా వాడలో సాంచాలన్నీ ఒక్కసారి మొదలైతే బల్బులు మసకబారతాయి మరి.

ఇక వీటన్నిటినీ పెట్టే డబ్బా. లోపలి రంగు లైట్లు కనిపించేలా అద్దాలది తీసుకోమంది అత్తమ్మ. గాలి ఆడాలి కాబట్టి ముందు జాలీ ఉన్నదే కావాలన్నాను. ఆమె లేచి టీవీ మీద వేలితో ఒక గీత గీసి నాకు చూపించింది. వేలి నిండా నూలు పీచు. "గీ ఇంట్ల జాలీ వెడితె లోపల పరుపు కుట్టుకోవచ్చు" అంది. అయినా నా మాటే నెగ్గింది. నెగ్గిందని అప్పట్లో అనుకున్నాను.

ఇద్దరం బస్సెక్కి కరీంనగర్ వెళ్లాం. దుకాణంలో కుర్చీలు వేసి, "బాబు కోసమా అమ్మా?" అని అడిగారు.

"బాబు లేడు, గీబు లేడు. నా కోడలికి."

ఆ గొంతుకు దుకాణమంతా తిరిగి చూసింది. నాకు సిగ్గేసింది, గర్వంగానూ అనిపించింది. అక్కడే బిగించి ఇస్తామంటే అత్తమ్మ వద్దంది. "ఇంట్ల బిగించుకుంటం. నా కొడుకు సూడాలె."

శుక్రవారం రాహుకాలం దాటాక మొదలుపెట్టాం. సాంచాలు ఆపించి, గది తడిగుడ్డతో తుడిచి, ఫోన్‌ను కండెల బుట్టకు ఆనించింది. అవతల మా ఆయన ఒక్కో స్క్రూ ఎక్కడో చెబుతుంటే నేను బిగించాను, ఆమె టార్చ్ పట్టుకుంది. దగ్గు వచ్చినప్పుడల్లా లేచి బయటికెళ్లి దగ్గి వచ్చేది. ప్రాసెసర్ మీద పిడి నొక్కితే కిర్రుమంది, ముగ్గురం ఊపిరి బిగబట్టాం. తెర వెలిగేసరికి మస్కట్ గదిలో ఆయన తోటివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. అత్తమ్మ గుమ్మం బయట కొబ్బరికాయ కొట్టి వాడకట్టంతా పంచింది. కంప్యూటరవ్వ అన్న పేరు ఆ కొబ్బరి ముక్కలతోనే పుట్టింది.

కొన్నాళ్లకే పేచీ వచ్చింది. ఆట మంచి ఊపులో ఉండగా కంప్యూటర్ టప్పున ఆగిపోయేది. కార్డు ఖరాబన్నాడు ఆయన. పవర్ సప్లై అన్నాను నేను. అన్నీ ఊడదీసి మళ్లీ బిగించాను, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మళ్లీ రాశాను. లాభం లేదు. చివరికి ముందు జాలీ ఊడదీస్తే, లోపలివైపు మెత్తటి మల్లుగుడ్డ రెండు పొరలుగా ఉంది, నాలుగు అంచులా చక్కగా టాకాలేసి. పీచు పోకుండా నేత ఇంటి మనిషి చేసిన బందోబస్తు అది. పీచుతోపాటు గాలీ పోవడం లేదు.

"దుమ్ము వోవద్దని కుట్టిన బిడ్డా. గాలి ఆగుతదని నాకెర్క లే" అంది చిన్నపిల్లలా. ఫోన్‌లో మా ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వి నవ్వి నాకూ కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆమె మాత్రం ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తోంది, అది పీచుతో తెల్లగా బొచ్చు కట్టి ఉంది.

"సూడు, ఇన్ని దినాలకే ఇంత పట్టింది. ఊపిరాడక గీ డబ్బ ఆగిపాయె. మనిషి మొండిది బిడ్డా, ఆగకుంట నడుస్తది."

అప్పటిదాకా ఆమె దగ్గు మాకు సాంచాల చప్పుడు లాంటిదే, ఇంట్లో ఎప్పుడూ ఉండేది. మర్నాడే కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాం. ఊపిరితిత్తుల్లో ఏళ్లనాటి నూలు దుమ్ము పేరుకుపోయిందని, మందులతో ఉపశమనమే తప్ప పూర్తిగా నయం కాదని చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "ఫికర్ జేయకు, నీ డబ్బకు గట్ల గాకుండ సూస్కో" అంది. నాకు ఏడుపు ఆగలేదు. పక్కసీటు వాళ్లకు వినబడేలా నన్నే ఓదార్చింది.

ఆ తర్వాత రెండేళ్లు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మాకు పండగే. మాకు నచ్చింది లారీలు నడిపే ఆట. ఆయనదో లారీ, నాదో లారీ, సరుకేసుకుని ఏవో దేశాల రోడ్ల మీద ఒకదాని వెనక ఒకటి పోయేవాళ్లం. పోతూ పోతూ మాటలు వాటంతటవే వచ్చేవి. క్యాంపు వంట గురించి, నా కుట్టుపని గురించి, ఇంకా పుట్టని పిల్లల గురించి. అత్తమ్మ వెనక మంచం మీద కూర్చుని రోడ్డు చూసేది. చేలు కనిపిస్తే ఏం పంట అని అడిగేది. కొడుకు వేగం పెంచితే "మెల్లగ పోరా, ఎన్కకు నీ పెండ్లం వస్తుంది" అని కేకేసేది. మైకు లేకుండానే మస్కట్‌కు వినిపించేదేమో. ఒకసారి ఒక ఊరు దాటుతుంటే అనుమానంగా అడిగింది.

"గిన్ని ఇండ్లున్నయి, ఒక్క మనిషి కనవడడేంది? అందరు దుబాయ్ వోయిండ్రా?"

నవ్వాం గానీ, ఆ ఆటలో ఖాళీ ఊళ్లు దాటుతుంటే ఇప్పటికీ నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

ఆమె పోయిన రోజు మా ఆయనకు విమానం దొరికేసరికి ఆలస్యమైంది. ఆయన వచ్చేలోపే దహనం అయిపోయింది. తర్వాతి కర్మలన్నీ గుండుతో నిలబడి చేశాడు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు, వంటవాళ్లతో మాట్లాడాడు. ఒక్క కన్నీటి బొట్టు రాలేదు. గట్టి మనిషి అన్నారు చుట్టాలు. నాతో కూడా ఏమీ అనలేదు. "ఏం లేదు" రోజులు మళ్లీ వస్తాయేమోనని నేను లోలోపల బెదిరిపోయాను. సెలవు అయిపోయి వెళ్లిపోయాడు.

మొన్న శుక్రవారం ఫోన్ చేశాడు. తిన్నవా అంటే తిన్న అన్నాను. "పోదామా?" అన్నాడు. లారీలు తీశాం. ఆటలో వాన పడుతోంది. కొంతదూరం పోయాక ముందున్న ఆయన లారీ ఇండికేటర్ వేసి రోడ్డు పక్కకు జరిగి ఆగింది. నెట్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత హెడ్‌ఫోన్‌లో ఆయన ఏడుపు వినిపించింది.

"ఆఖరికి అవ్వ మొఖం గూడ సూడకపోతి" అన్నాడు.

నా లారీని తీసుకెళ్లి ఆయన లారీ వెనక ఆపాను. మమ్మల్ని దాటుకుంటూ వేరే బండ్లు పోతున్నాయి. ఆయన ఏడుస్తున్నాడు, నేను వింటున్నాను, రెండు లారీల వైపర్లూ వానను తుడుస్తూనే ఉన్నాయి.